వెనక సీటు లేని విమానంలో ఎవరు మాట్లాడారు?

ఆ విమానానికి ముందు అద్దం లేదు. పైలట్ ఎదుట ఉండాల్సిన చోట పెద్ద పెట్రోల్ ట్యాంకు ఉంది. ఎదురుగా ఏముందో చూడాలంటే జలాంతర్గామిలో ఉన్నట్టు ఒక చిన్న పెరిస్కోపు, లేదా విమానాన్ని కాస్త పక్కకి తిప్పి కిటికీలోంచి తొంగి చూడటం. రేడియో లేదు. పారాచూట్ లేదు. వెనక సీటు కూడా లేదు, ఎందుకంటే రెండో మనిషి లేడు.

మరి 1927 మే 21 తెల్లవారాక, అట్లాంటిక్ మధ్యలో, ఆ సీటు లేని వెనక భాగంలోంచి చార్లెస్ లిండ్‌బర్గ్‌తో మాట్లాడింది ఎవరు?

ఒంటరిగా, ఆగకుండా న్యూయార్క్ నుంచి పారిస్ వెళ్ళిన మొదటివాడు అని క్విజ్‌లో చెప్పి మార్కులు కొట్టేసే పేరు ఇది. నాకు మాత్రం ఆ రికార్డు కంటే, ఆ రికార్డు మధ్యలో ఉన్న ఈ కొన్ని గంటలే ఎక్కువ కుతూహలం. తుఫాను మేఘాల్లోంచి, నిద్రలోంచి అతన్ని ఎవరు గట్టెక్కించారు అన్న ప్రశ్నకి ఇంజనీరింగ్ వాళ్ళం మనం ఒక జవాబు చెప్తాం. అతను ఇంకో జవాబు వైపు మొగ్గాడు. అందుకే మొదట్నుంచీ చెప్తాను.

పుట్టింది 1902 ఫిబ్రవరి 4న, డెట్రాయిట్‌లో. పెరిగింది మిన్నెసోటా రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డున లిటిల్ ఫాల్స్ అనే ఊళ్ళో. నాన్న అమెరికా కాంగ్రెస్ సభ్యుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగకూడదని వాదించి పేరు పోగొట్టుకున్న మనిషి (ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది). అమ్మ కెమిస్ట్రీ టీచర్. ఇద్దరూ విడివిడిగానే బతికారు. పిల్లాడికి మనుషుల కంటే మెషిన్లతో చనువు ఎక్కువ. 1920లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. రెండో సంవత్సరంలో బయటికి వచ్చేశాడు. మన మెకానికల్ బ్రాంచి వాళ్ళు ఈ వాక్యాన్ని ఇంట్లో చూపించొద్దు.

చదువు మానేసి నెబ్రాస్కాలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. అప్పటి పైలట్ల బతుకు దాదాపు మన సర్కస్ వాళ్ళ బతుకే. ఊరూరా తిరిగి, పొలంలో విమానం దించి, ఎగురుతున్న విమానం రెక్క మీద నడిచి, పారాచూట్‌తో దూకి చూపించి నాలుగు డాలర్లు సంపాదించుకోవడం. లిండ్‌బర్గ్ అవన్నీ చేశాడు. 1923లో యుద్ధంలో మిగిలిపోయిన ఒక పాత జెన్నీ విమానాన్ని 500 డాలర్లకి కొనుక్కుని ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టాడు. తర్వాత సైన్యం ఫ్లయింగ్ స్కూల్లో చేరితే, మొదలైన 104 మందిలో చివరికి మిగిలింది 18 మంది. వాళ్ళలో ఇతనే ఫస్టు. కాలేజీలో చదవనివాడు ఇక్కడ అంత శ్రద్ధగా ఎలా చదివాడంటే, ఇక్కడ తప్పితే ఎగరనివ్వరు కాబట్టి.

1926లో సెయింట్ లూయిస్, చికాగోల మధ్య ఎయిర్ మెయిల్ మోసే ఉద్యోగం. మన కథ నిజంగా మొదలయ్యేది ఇక్కడే. సైన్యం వాడి పారేసిన డీహెచ్-4 విమానాలు, రాత్రిపూట ప్రయాణం, దారిలో దీపాలు అంతంతమాత్రం, వాతావరణ సమాచారం అంటే ఎవరో ఫోన్లో చెప్పిన మాట. సెప్టెంబరు 16 రాత్రి చికాగో మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుంది. కింద మనుషులు వేసిన వెలుగులు ఇతనికి కనపడవు, ఇతను వాళ్ళకి కనపడడు. తిరిగి తిరిగి, లెక్క ప్రకారం ఇంకా పెట్రోలు ఉండాల్సిన టైంలోనే ఇంజన్ ఆగింది. తర్వాత తెలిసిందేమిటంటే, మెకానిక్కులు 110 గ్యాలన్ల ట్యాంకు తీసి 85 గ్యాలన్లది బిగించారు, ఆ సంగతి పైలట్‌కి చెప్పలేదు. రిజర్వ్ కూడా అయిపోయాక 5,000 అడుగుల ఎత్తు నుంచి చీకట్లోకి దూకేశాడు. పారాచూట్ విచ్చుకుని కిందికి దిగుతుంటే, వదిలేసిన విమానం ఇంజన్ మళ్ళీ మోగింది! ముక్కు కిందికి వాలగానే ట్యాంకు అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కార్బురేటర్‌లోకి జారాయి. పైలట్ లేని విమానం గుండ్రంగా తిరుగుతూ పొగమంచులో అతని దగ్గరికే వస్తోంది. చుట్టూ తిరిగి తిరిగి చివరికి దూరంగా పోయి కూలింది. ఇతను మొక్కజొన్న చేలో దిగి, విమానం వెతుక్కుని, ఉత్తరాల సంచులు తీసి రైలెక్కించాడు.

ఏడు వారాలు తిరగలేదు, నవంబరు 3న మంచు తుఫానులో మళ్ళీ అదే కథ. ఈసారి ముళ్ళ కంచె మీద దిగాడు, దళసరి ఫ్లయింగ్ సూట్ కాపాడింది. అంతకుముందు 1925లో ఒకసారి ఆకాశంలో ఇంకో విమానాన్ని గుద్దుకుని, ఇంకోసారి టెస్టింగ్‌లో విమానం గింగిరాలు కొడితే దూకాడు. మొత్తం నాలుగుసార్లు. పారాచూట్ వల్ల బతికినవాళ్ళకి క్యాటర్‌పిల్లర్ క్లబ్ అని ఒకటి ఉండేది, పట్టుదారాన్ని పట్టుకుని బతికినవాళ్ళని. ఇతను అందులో నాలుగింతల సభ్యుడు. అలాంటివాడు అట్లాంటిక్ ప్రయాణానికి మాత్రం బరువు తగ్గించాలని ఆ పారాచూట్‌నే దించేశాడు.

ఆ ప్రయాణం వెనక ఉన్నది ఆర్టీగ్ ప్రైజు. న్యూయార్క్, పారిస్‌ల మధ్య ఎటునుంచి ఎటైనా ఆగకుండా ఎగిరితే 25,000 డాలర్లు అని రేమండ్ ఆర్టీగ్ అనే హోటల్ యజమాని 1919లో ప్రకటించాడు. దానికోసం ప్రయత్నించినవాళ్ళ జాబితా చదివితే కడుపులో దేవుతుంది. 1926 సెప్టెంబరులో ఫ్రెంచి వీరుడు ఫాంక్ విమానం రన్‌వే చివర తగలబడింది, సిబ్బందిలో ఇద్దరు పోయారు. 1927 ఏప్రిల్‌లో డేవిస్, వూస్టర్ అనే ఇద్దరు టెస్ట్ ఫ్లైట్‌లోనే పోయారు. మే 8న నంజెస్సర్, కోలి పారిస్ నుంచి బయలుదేరి మాయమైపోయారు, ఇవాళ్టికీ ఆచూకీ లేదు. వీళ్ళందరికీ పెద్ద విమానాలో, ఎక్కువ మంది సిబ్బందో ఉన్నారు. లిండ్‌బర్గ్ ఆలోచన దీనికి సరిగ్గా తలకిందులు. ఒకటే ఇంజన్, ఒకడే మనిషి, మిగతా బరువంతా పెట్రోలు. మూడు ఇంజన్లుంటే మూడింతల భద్రత కాదు, చెడిపోవడానికి మూడింతల అవకాశం అన్నది అతని లెక్క.

సెయింట్ లూయిస్ వ్యాపారులు కొందరు డబ్బు సర్దారు. శాన్ డియాగోలో ర్యాన్ అనే చిన్న కంపెనీ, డొనాల్డ్ హాల్ అనే ఇంజనీరు, అరవై రోజుల్లో విమానం తయారు. ఖర్చు 10,580 డాలర్లు. రైట్ వర్ల్‌విండ్ జె-5సి ఇంజన్, 223 హార్స్‌పవర్, అంటే ఇప్పటి ఒక మంచి కారుకి ఉన్నంత. 450 గ్యాలన్ల పెట్రోలు. కూలిపోతే ఇంజన్‌కీ ట్యాంకుకీ మధ్య నలిగిపోతానని ట్యాంకుని ముందు పెట్టించి తను వెనక కూర్చున్నాడు, అద్దం పోయింది అందుకే. సీటు పేము కుర్చీ. మ్యాపుల అంచులు కూడా బరువని కత్తిరించాడు. గ్రేట్ సర్కిల్ దారిని పబ్లిక్ లైబ్రరీలో గ్లోబు మీద దారం పెట్టి కొలిచి మొదలుపెట్టి, ప్రతి వంద మైళ్ళకీ దిక్కు ఎంత మార్చాలో తనే లెక్క కట్టుకున్నాడు. సర్వేయింగ్ ల్యాబుకి డుమ్మా కొట్టేవాళ్ళకి అంకితం.

డిజైన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి తోక. రెక్కలు పొడుగు చేశారు గానీ టైం లేక తోక భాగం పాత మోడల్‌దే ఉంచేశారు. దాంతో విమానానికి స్థిరత్వం తక్కువ, చెయ్యి వదిలితే పక్కకి పోతుంది. పుస్తకం ప్రకారం అది లోపం. ఈ లోపం సంగతి మళ్ళీ వస్తుంది.

న్యూయార్క్‌లో రోజుల తరబడి వర్షం. మే 19 సాయంత్రం ఒక నాటకానికి వెళ్తుంటే దారిలో వార్త, అట్లాంటిక్ మీద మబ్బులు విడుతున్నాయని. వెనక్కి తిరిగి ఏర్పాట్లు చూసుకుని హోటల్‌కి వచ్చేసరికి అర్ధరాత్రి. ఎవరూ లేపకుండా తలుపు దగ్గర కాపలా పెట్టుకుంటే, ఆ కాపలా ఉన్నతనే తలుపు తట్టి లోపలికొచ్చి, నువ్వు వెళ్ళిపోయాక నా సంగతేంటని కబుర్లు మొదలుపెట్టాడు. ఇక నిద్ర లేదు. ఆ రాత్రి నిద్ర పోకపోవడమే ఈ కథలో అసలు విలన్.

పొద్దున 7:52కి బురద రన్‌వే మీంచి 5,250 పౌండ్ల బరువుతో లేచాడు. చివర ఉన్న టెలిఫోన్ తీగలకి ఇరవై అడుగుల పైనుంచి వెళ్ళాడంటారు. పగలంతా తీరం వెంట, సాయంత్రానికి న్యూఫౌండ్‌లాండ్, ఆ తర్వాత నీళ్ళు, చీకటి.

రాత్రి మేఘాలు గోపురాల్లా లేచాయి. పది వేల అడుగుల ఎత్తుకి పోయినా వాటి తలలు ఇంకా పైనే. ఒకదాన్లోకి దూరాడు. లోపల విమానం ఎగిరెగిరి పడుతోంది. చలి. అనుమానం వచ్చి చెయ్యి బయట పెడితే సూదులు గుచ్చినట్టు తగిలింది. టార్చి వేసి చూస్తే రెక్క కింది స్ట్రట్ మీద మంచు మెరుస్తోంది. మంచు పేరుకుంటే బరువు పెరుగుతుంది, అంతకంటే ముఖ్యంగా రెక్క ఆకారం మారి లిఫ్ట్ పోతుంది. నెమ్మదిగా, వేగం పడిపోకుండా, వచ్చిన దారినే తిరిగి నక్షత్రాలు కనిపించే చోటికి బయటపడ్డాడు. తర్వాత మేఘాల మధ్య సందులు వెతుక్కుంటూ వంకర టింకరగా ప్రయాణం.

అది చాలదన్నట్టు దిక్సూచులు రెండూ పిచ్చెక్కినట్టు ఊగడం మొదలుపెట్టాయి. ఒకటి మామూలు ద్రవం దిక్సూచి. రెండోది ఎర్త్ ఇండక్టర్, అంటే గాలి మరతో తిరిగే తీగచుట్ట భూమి అయస్కాంత క్షేత్రంలో పుట్టించే వోల్టేజీని బట్టి దిక్కు చెప్పేది, మన జనరేటర్ సూత్రమే. రెండూ ఒకేసారి తప్పడం అతను ఎప్పుడూ చూడలేదు. అయస్కాంత తుఫానులో చిక్కుకున్నానని అనుకున్నాడు. సందుల్లో కనిపించే నక్షత్రాలే ఆధారం. తర్వాత చంద్రుడొచ్చాడు.

తుఫాను దాటాక అసలు ప్రమాదం మొదలైంది. నిద్ర. పక్క కిటికీలకి అద్దాలు బిగించుకోలేదు, చల్లగాలి మొహానికి కొడుతుండాలని. రెప్పల్ని వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాడు. కళ్ళు తెరిచే నిద్రపోయాడు. అలా నిద్రలోకి జారిన ప్రతిసారీ పాత తోక ఉన్న ఆ అస్థిరమైన విమానం పక్కకి ఒరిగి కుదిపి లేపింది. స్థిరమైన మంచి విమానమైతే జోకొట్టినట్టు సముద్రంలోకి తీసుకుపోయేదేమో. గంటగంటకీ ట్యాంకు మార్చడం, ప్యానెల్ మీద పెన్సిల్‌తో ఒక గీత గీయడం, ఈ చిన్న పనులే తాడులా పట్టుకుని వేలాడాడు. తెల్లవారాక పొగమంచు, కొన్నిసార్లు అలలకి పది అడుగుల ఎత్తులో.

ఇరవై రెండో గంట ప్రాంతంలో వాళ్ళొచ్చారు. తల తిప్పకుండానే తన వెనక ఉన్నవన్నీ కనిపించాయట. మసక మసకగా, అటునుంచి ఇటు కనిపించేంత పల్చగా మనుషుల ఆకారాలు. బరువు లేనట్టు వస్తున్నారు, పోతున్నారు. భయం వెయ్యలేదు. పాత స్నేహితుల్లా, బంధువుల్లా అనిపించారు. ఇంజన్ హోరుని దాటి అతని భుజం దగ్గర మాట్లాడారు. ప్రయాణం గురించి, దారి గురించి సలహాలు చెప్పారు, ధైర్యం చెప్పారు. తను బతికినవాళ్ళకీ పోయినవాళ్ళకీ మధ్య గీత మీద ఉన్నాననీ, వాళ్ళు అవతలి వైపు వాళ్ళనీ అతనికి అనిపించింది.

కొన్ని గంటల తర్వాత చేపల పడవలు. తర్వాత కొండలు. మ్యాపు చూసుకుంటే ఐర్లండ్‌లోని డింగిల్ బే. రాత్రంతా వంకర దారులు, పిచ్చి దిక్సూచులు, నిద్రలో పక్కకి పోయిన విమానం, ఇన్ని అయ్యాక అనుకున్న దారికి మూడు మైళ్ళ తేడాతో తేలాడు! టైం కంటే రెండు గంటలు ముందు కూడా.

సరే, మన జవాబు. రెండు రాత్రులు నిద్ర లేని మెదడు, ఒకటే హోరు, నాలుగు దిక్కులా ఒకటే తెల్లదనం. అలాంటప్పుడు మెదడు మనుషుల్ని తయారుచేసుకుంటుంది. 1916లో సౌత్ జార్జియా దీవి మంచు కొండలు దాటిన షాకిల్టన్‌కి కూడా ముగ్గురం కాదు నలుగురం నడుస్తున్నామని అనిపించింది. పర్వతారోహకులు ఇలాంటివి ఎన్నో చెప్పారు. ఇక మూడు మైళ్ళ సంగతి: ఆ రోజు అట్లాంటిక్ మీద గాలులు ఒకవైపు నెట్టినంత రెండోవైపూ నెట్టి, మొత్తం మీద పక్క మళ్ళింపు సున్నాకి వచ్చింది. అదృష్టమే గానీ, అద్భుతం కాదు. నేను దీన్నే నమ్ముతాను. కానీ ఈ వివరణలో ఒకటి నన్ను ఆపుతుంది. అలిసిపోయిన మెదడు భయపెట్టే దయ్యాల్నీ తయారుచేయగలదు. ఇతని మెదడు మాత్రం నావిగేషన్ చర్చించే దయగల మనుషుల్ని తయారుచేసింది. ఎందుకని? నాలుగేళ్ళు ఒంటరిగా ఎగిరినవాడికి తోడు కావాల్సి వచ్చినప్పుడు, లోపలున్న ఎవరో లేచి వచ్చారేమో. దీన్ని రహస్యం అనకపోతే ఏమనాలో నాకు తెలీదు.

రాత్రి 10:22కి పారిస్ లె బూర్జేలో దిగాడు. 33 గంటల 30 నిమిషాలు, 3,610 మైళ్ళు. లక్షకి పైగా జనం రన్‌వే మీదకి దూసుకొచ్చారు. అదే ఏడాది ఒక పుస్తకం రాశాడు. వెనక వచ్చినవాళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

తర్వాతి జీవితం ఆ విమానంలాగే నాకు స్థిరంగా అనిపించదు. 1929లో ఆన్ మారోతో పెళ్ళి, ఆమెకీ ఎగరడం నేర్పాడు, ఆమె తర్వాత మంచి రచయిత్రి అయింది. 1932 మార్చి 1 రాత్రి ఇరవై నెలల కొడుకుని ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. మే 12న శవం దొరికింది. పత్రికలు ఆ కుటుంబాన్ని వెంటాడిన తీరు తట్టుకోలేక 1935 చివర్లో ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. ఆ కష్టాల మధ్యే నోబెల్ గ్రహీత అలెక్సిస్ కరెల్‌తో కలిసి, శరీరం బయట అవయవాన్ని బతికించి ఉంచే గాజు పంపు తయారుచేశాడు. డిగ్రీ లేని మెకానికల్ విద్యార్థి చేసిన బయోమెడికల్ పని అది. 1937లో భార్యతో సొంత విమానంలో మన దేశానికీ వచ్చి, రామకృష్ణ పరమహంస శతజయంతి సందర్భంగా కలకత్తాలో జరిగిన సర్వమత సభకి హాజరయ్యాడు. ఆ వెనకవాళ్ళ ప్రశ్న ఇంకా అతన్ని వదల్లేదేమోనని నాకు అనుమానం.

ఇక్కడినుంచి ఇష్టంగా రాయలేను. 1938లో గోరింగ్ చేతుల మీదుగా జర్మన్ పతకం తీసుకున్నాడు, తర్వాత తిరిగి ఇవ్వలేదు. అమెరికా యుద్ధంలోకి దిగకూడదని ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. అది నాన్న దారే అనుకుందాం. కానీ 1941 సెప్టెంబరు 11న డెమాయిన్ సభలో యుద్ధానికి తోస్తున్నవాళ్ళలో యూదుల్ని ఒక వర్గంగా వేలెత్తి చూపించాడు. జాతి గురించి అతని నమ్మకాలు అప్పటికే వేరే రచనల్లోనూ ఉన్నాయి. అమాయకత్వం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. అట్లాంటిక్ మీద గాలి దిశని అంత జాగ్రత్తగా చదివినవాడు, తన కాలం గాలి ఎటు వీస్తోందో చదవలేదని అనుకోవడం కష్టం.

యుద్ధం వచ్చాక సైన్యంలోకి మళ్ళీ తీసుకోలేదు. 1944లో పౌరుడిగానే పసిఫిక్ వెళ్ళి, యాభై దాకా యుద్ధ ప్రయాణాలు చేశాడు. అక్కడ కుర్ర పైలట్లకి నేర్పింది మాత్రం అచ్చంగా పాఠ్యపుస్తకం: ఆర్‌పీఎం తగ్గించు, మానిఫోల్డ్ ప్రెషర్ పెంచు, మిశ్రమం పల్చగా ఉంచు. అదే పెట్రోలుతో పీ-38లు తొమ్మిది గంటల దాకా ఎగిరాయి. పొగమంచులో పెట్రోలు అయిపోతే ఎలా ఉంటుందో అతనికంటే ఎవరికి తెలుసు?

1953లో, అంటే ఇరవై ఆరేళ్ళకి, పద్నాలుగేళ్ళు రాసిన కొత్త పుస్తకంలో ఆ వెనకవాళ్ళ సంగతి బయటపెట్టాడు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది. ఇంకో రహస్యం మాత్రం పుస్తకంలో పెట్టలేదు. అతను పోయిన చాలా ఏళ్ళకి, 2003లో, యూరప్‌లో ముగ్గురు స్త్రీలతో అతనికి మరో ఏడుగురు పిల్లలున్నారని బయటపడింది. ఆ పిల్లల్లో కొందరికి తండ్రి అసలు పేరు కూడా చిన్నప్పుడు తెలీదు. ఆకాశంలో వచ్చిన నీడల గురించి చెప్పడానికి ఇరవై ఆరేళ్ళు పట్టినవాడు, నేల మీద ఉన్న మనుషుల గురించి చెప్పనే లేదు.

చివరి ఏళ్ళలో విమానాల మీద మోజు తగ్గి, తిమింగలాల కోసం, ఫిలిప్పీన్స్ గద్దల కోసం తిరిగాడు. 1974లో లింఫోమా అని, ఇక లాభం లేదని డాక్టర్లు తేల్చాక, న్యూయార్క్ ఆసుపత్రిలో ఉండనని పట్టుబట్టాడు. మామూలు ప్యాసింజర్ విమానంలో, స్ట్రెచర్ మీద పడుకుని, హవాయిలోని మావి దీవికి వెళ్ళాడు. అక్కడ ఎనిమిది రోజులు బతికాడు. ఆ ఎనిమిది రోజులూ తన సమాధి కొలతలు, నీరు నిలవకుండా రాళ్ళు ఎలా పేర్చాలి, శవపేటిక ఏ చెక్కతో చెయ్యాలి అని ఒక్కొక్కటీ దగ్గరుండి చెప్పి చేయించుకున్నాడు. ఆగస్టు 26న పోయాడు. సమాధి కిపహులు అనే చిన్న ఊళ్ళో, చర్చి పక్కన, సముద్రం కనిపించేలా ఉంది.